పదికి నాలుగు

ఆ రోజు లేస్తూనే యాద్వీగా తన కార్యక్రమమంతా మనసులో ఖాయం చేసేసుకుంది. ముందు జున్ను కేకు ఓవెన్‌లో పెట్టాలి. అది కాలేలోగా వీధి మలుపులో ఉన్న కొట్టుకి వెళ్ళి, కొడుకు పనిచేసే మాసపత్రిక కొత్త సంచిక తెచ్చుకోవాలి. సాయంత్రం అతిథులు వస్తారు. అక్టోబరు నడుమ వచ్చే ఆ రోజు యాద్వీగా అని పేరున్న ప్రతి ఆడమనిషికీ పండుగ. కేకు కోసేముందు ఆవిడ లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కొడుకు రాసింది అందరికీ చదివి వినిపిస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. మెచ్చుకుంటే చాలు.

కొడుకు పేరు జెమోవిత్. వీడియో గేములు ఆడి, వాటి బలాలూ లోపాలూ తేల్చి, పదికి ఇన్నని మార్కులు వెయ్యడం అతని ఉద్యోగం. మీసాలొచ్చిన మగవాడు పొద్దస్తమానం ఆటలాడితే జీతమిస్తారంటే మొదట్లో ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బడిలో భూగోళం చెప్పి రిటైరయిన టీచరమ్మ మరి. "మీవాడేం చేస్తాడండీ?" అని తమ ఊరు లుబ్లిన్‌లో ఎవరడిగినా, "విమర్శకుడు," అని ఊరుకునేది. కొందరు నాటకాలనుకున్నారు, కొందరు కవిత్వమనుకున్నారు. ఎవరి ఊహకీ ఆవిడ అడ్డుపడలేదు. కాని పోయిన వసంతంలో పత్రికవాళ్ళు జెమోవిత్ ఫొటో వేసి, దాని కింద 'ఏడు దాటని కలం' అని రాశారు. ఇంతవరకూ అతని చేతినుంచి ఎనిమిదో మార్కు రాలగా చూసినవాళ్ళు లేరట. ఏళ్ళ తరబడి పరీక్ష పేపర్లు దిద్దిన యాద్వీగాకి అది తన రక్తమేనని తెలిసిపోయింది. ఆనాటినుంచి సిగ్గంతా గర్వంగా మారిపోయింది. విమర్శకుడన్న మాట వెనక ఏముందో ఇవాళ నలుగురిలో పెట్టబోతోంది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సంగతి పేరు హొనొరాతా. సరిగ్గా కింది వాటాలో ఉంటుంది. ఇద్దరూ ఒకే ఏడు చెహూవ్ పేటలోని ఆ అపార్టుమెంట్లలోకి కాపురానికి వచ్చారు. ఒకే శీతాకాలం పిల్లల్ని ఎత్తుకున్నారు. ఒకరి వెనక ఒకరు భర్తల్ని పోగొట్టుకున్నారు. ఒకరింట్లో ఉప్పు నిండుకుంటే రెండో ఇంటి తలుపు కొట్టకుండానే తీసుకువెళ్ళేంత చనువు. అంత స్నేహం కాబట్టే పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఒకరికొకరు అంగుళం వదిలేవారు కాదు. ఈమధ్య హొనొరాతా తన కూతురు కలీనా గురించి మరీ ఊదరగొడుతోంది. "మా కలీనా ఒక్కత్తే కూచుని కంప్యూటర్లో ఏదో పెద్దది చేసేసిందే. ప్రోగ్రామట!" ఏం ప్రోగ్రామని అడిగితే మాత్రం, "నాకెందుకులే, నేను నోరు విప్పను," అంటుంది.

సాయంత్రానికి బల్ల నిండింది. హొనొరాతా తను ఇంట్లో పెట్టిన చెర్రీ మద్యం సీసాతో వచ్చింది. భవన సంఘం అధ్యక్షుడు అన్జెల్మ్ గారు ఇస్త్రీ కోటు వేసుకుని గులాబీలు పట్టుకొచ్చారు. పై అంతస్తు దంపతులు వచ్చారు. జెమోవిత్‌కి పత్రిక పని తెమలలేదు. కలీనా కూడా గది వదిలి రాలేదు. యాద్వీగా లేచి నిలబడి, అందరితోపాటే విందామని అంతవరకూ తెరవకుండా దాచిన పత్రిక విప్పింది.

"ఇది మా జెమోవిత్ రాసిన సమీక్ష. ఒక ఆట మీద."

"ఫుట్‌బాలా?" అన్నారు అన్జెల్మ్ గారు ఆశగా.

"కంప్యూటర్లో ఆడే ఆటండీ. ఇప్పుడదొక కళ."

"అంటే ఇన్నాళ్ళూ విమర్శకుడు, విమర్శకుడు అన్నది ఆటలకా?" అంది హొనొరాతా.

"అవును. ఏం?"

"ఏం లేదు. నాకెందుకులే."

అందులో వెటకారం కన్నా ఊరట ఎక్కువుందని యాద్వీగా గమనించలేదు. బళ్ళో పాఠం చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"'నాచు దారి' అనే ఈ ఆటలో ఒక ముసలమ్మ బుట్ట పట్టుకుని పుట్టగొడుగుల కోసం అడవికి బయల్దేరుతుంది. ముందు బలాలు చెబుతాను, త్వరగా అయిపోతాయి. వాన. ఇంత మంచి వాన చప్పుడు నేను ఏ ఆటలోనూ వినలేదు. మధ్యలో లేచి కిటికీలు మూసి వచ్చాను. అడవి అందంగా ఉంది. కాసేపు ఇక్కడే కూర్చుందామనిపిస్తుంది. కూర్చోక తప్పదు కూడా, ఎందుకంటే మొదటి చెట్టు వేరులో కాలు ఇరుక్కున్నాక ముసలమ్మ ఓ పట్టాన కదలదు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. యాద్వీగా బళ్ళో పిల్లల ముందు ఆగినట్టు అవి సద్దుమణిగేదాకా ఆగి, మళ్ళీ అందుకుంది.

"ఇక లోపాలు. ఈ ముసలమ్మకి వచ్చిన మాటలు మూడు. 'అబ్బ, ఏం చలి!' 'ఈ బురదంతా ఎవరు తొక్కారు?' 'నాకెందుకులే, నేను నోరు విప్పను.' గంటసేపు విన్నాక, ఆవిడ అన్నమాట మీద నిలబడితే బాగుండునని దండం పెట్టుకున్నాను."

హొనొరాతా కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. "మా అత్తగారు! అచ్చం మా అత్తగారేనే!"

"దారిలో కొమ్మ మీద ఒక కాకి ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళని ఆపి తన పిల్ల ఎంత గొప్పదో చెప్పడం తప్ప దానికి వేరే పనిలేదు. పిల్లని మెచ్చుకుంటే కాని దారి వదలదు."

ఈసారి పై అంతస్తు దంపతులు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అన్జెల్మ్ గారు చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఇదంతా తను చదువుతున్న తీరుకే అనుకుని యాద్వీగా గొంతు మరికాస్త పెంచింది.

"అన్నిటికన్నా ఘోరం నడక. ఈవిడ మోకాళ్ళు రెండూ ఇద్దరు వేరువేరు ఆడవాళ్ళవి. ఒకటి అడుగు వేస్తుంది, రెండోది ఆలోచిస్తుంది. మనుషులెవరూ ఇలా నడవరు. పదికి నాలుగు. ఇంత అడవినీ ఒంటిచేత్తో నాటిన కలీనా బీలిక్‌కి చెట్లు పెంచడం వచ్చు. మనుషుల్ని నడిపించడం ఇంకా నేర్చుకోవాలి."

ఆ పేరు ముందు నోట్లోంచి బయటికి వచ్చింది, తర్వాత ఆవిడ చెవికి చేరింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

హొనొరాతా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. తర్వాత ఫోర్కు తీసుకుని, ఇంకా కొయ్యని కేకులోంచే ముక్క తుంచి, నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగింది.

"బలాలు: గుండ్రంగా ఉంది. లోపాలు: ఎండుద్రాక్షలు ఒకళ్ళు వేశారు, పంచదార ఇంకొకళ్ళు మరిచిపోయారు. పదికి నాలుగు," అంది. లేచి, తన సీసా మూత బిగించి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

యాద్వీగా మెట్లదాకా పరుగెత్తి రెయిలింగు మీంచి వంగి అరిచింది. "అది ఆటని ముందే ఎందుకు చెప్పలేదే?"

కిందనుంచి జవాబొచ్చింది. "నీ కొడుకు విమర్శించేది ఆటల్నని నువ్వు చెప్పావా?"

తలుపు ధడాలున మూసుకుంది.

మర్నాడు పొద్దున్న కింద నోటీసు బోర్డు మీద ఎవరో ఒక కాగితం అంటించారు. 'ఈ వారం మెట్ల కడుగుడు. బలాలు: నీళ్ళు వాడారు. లోపాలు: మొదటి అంతస్తులో వాడిన నీళ్ళే చివరి అంతస్తు దాకా వాడారు. పదికి మూడు.' ఆ వారం మెట్లు కడగడం హొనొరాతా వంతు. ఇంకెవరు రాస్తారు, యాద్వీగానే అని ఆవిడ అనుకుంది. మధ్యాహ్నానికి దాని పక్కన రెండో కాగితం వెలిసింది. 'పై వాటా రేడియో. బలాలు: గోడలున్నాయి. లోపాలు: పల్చగా ఉన్నాయి. రెండు.' మొదటి కాగితం యాద్వీగా రాయలేదు. కాని రెండోది చూశాక, మొదటిది కూడా తనే రాసి ఉంటే బాగుండేదనిపించింది.

అంటురోగానికి ఇల్లూ వాకిలీ తేడా ఉండదు. వారం తిరక్కుండానే బోర్డు మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. లిఫ్టుకి: 'బలాలు: పైకి పోతుంది. లోపాలు: దానికి బుద్ధి పుట్టినప్పుడు.' అన్జెల్మ్ గారు జరిపిన సర్వసభ్య సమావేశానికి: 'బలాలు: కుర్చీలు. లోపాలు: కరెంటు పోలేదు.' ఆ కాగితం చూసి ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత బోర్డు మీద అంకెలు రాయరాదని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వుకే పొద్దుటికల్లా ఎవరో అక్షరాల్లో 'ఒకటిన్నర' అని రాసిపెట్టారు. ఈ మార్కుల జబ్బు ఆదివారం చర్చిలో ఫాదర్ ప్రసంగం మీదికి కూడా పాకింది. 'ఆరంభం బాగుంది. ముగింపులు నాలుగున్నాయి, ఒకటి చాలు. ఐదు.' చీటీ బెంచీ మీద దొరికింది. మరుసటి ఆదివారం ఫాదర్ వేదికెక్కి, "ఇవాళ ఆరుకి ప్రయత్నిస్తాను," అని మొదలుపెట్టి నిజంగానే త్వరగా ముగించారు. అంతటి మేలు జరిగినా యాద్వీగాకి సంతోషం కలగలేదు. ఉప్పు అయిపోతే కొట్టుదాకా నడవాల్సి వస్తోంది.

ఇక లాభం లేదని కొడుక్కి ఫోన్ చేసింది. "ఆ కలీనా మన కలీనాయేనని నీకు తెలుసారా?"

"తెలుసమ్మా. తనే పంపించింది. మొహమాటపడకుండా రాయమంది. పడలేదు."

"కాస్త పడితే నీ సొమ్మేం పోయింది? పోనీ ఇప్పుడు ఏడు చేసెయ్. అచ్చుతప్పని చెప్పు."

"అమ్మా, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కొడుకు పరీక్షలో మన విస్తులా నదిని బెర్లిన్ మీంచి పారించాడు. ఏం చేశావు?"

"పరీక్ష తప్పించాను."

"ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి బతిమాలితే?"

"నదిని వెనక్కి తిప్పమను, అప్పుడు చూద్దామన్నాను," అంది యాద్వీగా. విసురుగా ఫోన్ పెట్టేసి, కాసేపు కోపంగా వంటింట్లో గిన్నెలు మోగించింది. తర్వాత ఎవరూ లేని వంటింటితోనే, "నా కొడుకు!" అంది.

అయినా మనసు కుదుటపడలేదు. కింది వాటాలో కలీనా గది వదిలి బయటికి రావడంలేదని, అన్నం వేళకి పిలిచినా పలకడంలేదని పై అంతస్తావిడ చెప్పింది. మొన్నటిదాకా తన ఒళ్ళో కూచుని దేశాల పేర్లు నేర్చుకున్న పిల్ల. తను నలుగురిలో నిలబడి, గొంతు పెంచి మరీ చదివింది. ఆ ఆటలో ఇంకేమైనా బలాలున్నాయేమో తనే వెతికి పట్టుకుంటే, వాటిని చూపించి కొడుకు చేత మళ్ళీ రాయించవచ్చని ఆవిడకి తోచింది. కిటికీలు తుడుస్తానన్న వంకతో జెమోవిత్ ఇంటికి వెళ్ళింది. అతను ఆఫీసుకి పోగానే కంప్యూటర్ ముందు కూర్చుంది.

సాయంత్రం జెమోవిత్ తిరిగొచ్చేసరికి కిటికీలు దుమ్ము దుమ్ముగానే ఉన్నాయి. తల్లి జుట్టు చెదిరి, తెర మీదికి వంగి, ముసలమ్మని తిడుతోంది. "కాలెత్తవే మహాతల్లీ! వేరు అక్కడుంది, చూసుకోవూ?"

"ఎడమ బటన్ నొక్కిపట్టి ఉంచాలమ్మా," అన్నాడు అతను మెల్లిగా.

"నాకు చెప్పకు. నాకు తెలుసు."

నొక్కిపట్టింది. ముసలమ్మ వేరు దాటింది. యాద్వీగా రెండు చేతులూ పైకెత్తి కేకపెట్టింది. ఆ రోజునుంచి ఆ ఇంటి కిటికీలు తుడవాల్సిన అవసరం రోజూ పడింది. ఆవిడ వాగులు దాటింది, వానలో తడిసింది, చీకటి లోయలో దారితప్పి మళ్ళీ తేరుకుంది. కాకి ఆపినప్పుడల్లా విసుక్కోకుండా నిలబడి అది చెప్పిందంతా విన్నది.

"ఇంత అడవిలో తెలివున్నది ఈ కాకి ఒక్కత్తేరా," అంది కొడుకుతో. "దాని బాధ నీకర్థం కాలేదు. దాన్ని లోపాల్లో ఎందుకు వేశావు?"

జెమోవిత్ "టీ పెడతానమ్మా," అని లోపలికి పోయాడు.

నవంబరు ఒకటో తారీకు వచ్చింది. ఊరంతా చేమంతులూ గాజు దీపాలూ పట్టుకుని పోయినవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళే రోజు. ఏటా ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. రెండేళ్ళ కిందట హొనొరాతా కుడి మోకాలికి ఆపరేషన్ చేసి కొత్త చిప్ప వేశారు. అప్పటినుంచీ యాద్వీగా ఆవిడ చెయ్యి పట్టుకుని, పక్కపక్కనే నడిపించుకుని వెళ్ళేది. ఈ ఏడు ఎవరి సంచీ వారిది, ఎవరి ట్రాలీబస్సు వారిది.

శ్మశానం గేటు దాటి యాద్వీగా తల వంచుకుని పోతోంది. ముందు జనంలో ఒక ముదురు రంగు కోటు కనబడింది. చేతిలో పూల బుట్ట. ఒక కాలు అడుగు వేసింది. రెండోది ఆలోచించింది. మళ్ళీ ఒకటి అడుగు వేసింది. రెండోది మళ్ళీ ఆలోచించింది. యాద్వీగా నిలబడిపోయింది. వారం రోజులుగా ఆవిడ చూస్తున్నది ఆ వీపునే. ఆ మోకాళ్ళనే వాగులు దాటించింది. ఇన్నాళ్ళూ పక్కన చెయ్యి పట్టుకుని నడిచిందే కాని, స్నేహితురాలి నడకని వెనకనుంచి ఒక్కసారైనా చూడలేదు.

"హొనొరాతా!" అని కేకపెట్టింది. దీపాలు వెలిగిస్తున్నవాళ్ళు తలలెత్తారు. "నడు! ఇంకాస్త ముందుకి నడు!"

హొనొరాతా వెనక్కి తిరిగింది. "ఇక్కడ కూడానా? పోయినవాళ్ళనన్నా ప్రశాంతంగా ఉండనివ్వవే?"

"నువ్వు నడవ్వే, చెబుతాను!"

"నడవడానికి దారేది? ఈ బురదంతా ఎవరు తొక్కారు?"

యాద్వీగా ఎవరిదో సమాధి పక్కనున్న బెంచీ మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అది నువ్వేనే! ఆ ముసలమ్మ నువ్వే!"

"ఎవరే ముసలమ్మ?" అంది హొనొరాతా మండిపడుతూ.

జరిగిందంతా చెప్పేసరికి ఆవిడ కూడా బెంచీ మీద కూర్చుంది. కూతురు ఆ ఆటని తనకి ఒక్కసారీ చూపించలేదు. "అయితే నా పిల్ల నన్ను కుంటిదాన్ని చేసి ఊరందరికీ చూపించిందన్నమాట," అంది చివరికి.

"కుంటిదేమిటే! వారంనుంచి నేనాడుతున్నాను, నన్నడుగు. ఆ అడవంతా దాటేది ఆ మోకాళ్ళతోనే. భయమేసి నేనే రెండుసార్లు వెనక్కి తిప్పబోయాను. తిరగదు. ఎన్ని బటన్లు నొక్కినా వెనక్కి మాత్రం తిరగదు."

హొనొరాతా కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడిచింది. "ఆఖరికి పుట్టగొడుగులు దొరుకుతాయా?"

"బుట్ట నిండా."

"మంచి రకమేనా?"

"అన్నీ రాజా రకమే."

హొనొరాతా మెడ కాస్త నిక్కింది. అంతలోనే గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! పొద్దున్న అది, 'మోకాళ్ళు దాదాపు కుదిరాయమ్మా,' అందే! నేను రాసుకుంటున్న మందు గురించనుకుని, అవునమ్మా అన్నాను! అది మోకాళ్ళు సరిచేసేస్తోందే!"

ఆ ఏడు ఇద్దరి భర్తలకీ దీపాలైతే వెలిగాయి కాని, ప్రార్థనలు మాత్రం సగంలోనే ముగిశాయి. కిక్కిరిసిన ట్రాలీబస్సులో యాద్వీగా రెండు మోచేతులూ వాడి హొనొరాతాకి సీటు సంపాదించింది. ఇంటికొచ్చేసరికి లిఫ్టుకి బుద్ధి పుట్టలేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కి, హొనొరాతా వాటా తలుపు తోసుకుని, ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

"ఆ మోకాళ్ళు ముట్టుకోకు!"

కలీనా ఉలిక్కిపడి తలెత్తింది. దువ్వని జుట్టు, ఒళ్ళో ఉల్లిపాయ రొట్టె తుంపులు, మొహం మాత్రం వెలిగిపోతోంది. దుఃఖపడుతున్న ఆనవాలు ఎక్కడా లేదు.

"నువ్వు తిండి మానేశావన్నారు?" అంది యాద్వీగా ఆయాసపడుతూ.

"అన్నం మానేశాను పిన్నీ, రొట్టె తింటున్నాను. తీరికెక్కడిది? మిగతా పత్రికలవాళ్ళు వేరు దగ్గర ఆపేసి చేతులు దులుపుకున్నారు. జెమోవిత్ ఒక్కడే చివరిదాకా ఆడాడు. నాకు రెండొస్తాయనుకున్నాను. నాలుగేశాడు! వాడు చెప్పిన లోపాలన్నీ వరసగా సరిచేస్తున్నాను. ఇదిగో, ముందుగా నడక అయిపోయింది."

తెర మీద ముసలమ్మ బుట్ట ఊపుకుంటూ, కవాతు చేసే సైనికుడిలా టకటకా అడవిలోకి పోతోంది. హొనొరాతా ముందుకి వంగి చూసింది.

"ఎవర్తే ఇది?"

కలీనా తల దించుకుంది. "నీకు చెప్పలేదమ్మా. బాధపడతావనుకున్నాను. ఆపరేషనయ్యాక డాక్టరు వద్దన్నా నువ్వు మెట్లెక్కేదానివి కదా. పడతావేమోనని రోజూ నీ వెనకాలే ఎక్కేదాన్ని. అలా చూసీ చూసీ..."

"అవన్నీ తర్వాత," అంది హొనొరాతా. "ఈ టక్కులాడిని తీసెయ్. నా మోకాళ్ళు నాకు పెట్టు."

సాయంత్రం పండుగ భోజనానికి వచ్చిన జెమోవిత్‌ని పై వాటాకి వెళ్ళనివ్వలేదు. కింది నడవాలోనే ఆపి నిలబెట్టారు. విషయం విని అతను గడ్డం గోక్కున్నాడు. "చూడండి పిన్నీ, ఎవరి నడకో నాకు తెలుసా, ఆడేవాడికి తెలుసా? చూడ్డానికి వింతగా ఉంటే లోపం లోపమే."

"మనుషులెవరూ ఇలా నడవరని రాశావా, లేదా?"

"రాశాను."

"అయితే చూడు, విమర్శకుడా," అని హొనొరాతా అతనికి వీపు చూపించి, నడవా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. జెమోవిత్ గొంతుక్కూచుని ఆ మోకాళ్ళనే చూశాడు. అతని మొహం మెల్లగా ఎర్రబడింది. ఇన్నేళ్ళుగా ఆవిడ వడ్డించినవి తిన్నాడు, ఆవిడ ఒళ్ళో పెరిగాడు, ఆ నడక మాత్రం చూడలేదు.

"ఇంకోసారి నడవండి పిన్నీ," అన్నాడు చిన్నగా.

ఈసారి ఆవిడ రాణిలా నడిచింది. అలికిడికి తలుపులు తెరుచుకున్నాయి. అన్జెల్మ్ గారు చెప్పులేసుకుని వచ్చి, చూసి, ఉత్తర్వు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టారు. "తొమ్మిది! మెట్ల కడుగుడుకి మూడే వేశాను కాని, ఇది చాలా మెరుగు!"

ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు.

"అంటే అది రాసింది మీరా?" అంది యాద్వీగా.

అన్జెల్మ్ గారు వెనకడుగు వేశారు. "ఆ రోజు మీరు అంత బాగా చదివారు కదండీ... ఒక్కటి రాద్దామనిపించింది," అని గొణిగి, తన వాటాలోకి తప్పుకుని లోపల గొళ్ళెం పెట్టుకున్నారు.

తర్వాతి సంచికలో జెమోవిత్ పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి వేశారు. 'క్రిందటి నెల నాచు దారి సమీక్షలో మనుషులెవరూ అలా నడవరని రాశాను. నడుస్తారు. నేను చూశాను. నడకను లోపాల్లోంచి తీసి బలాల్లో వేస్తున్నాను. పదికి ఐదు.'

ఐదేనా అని హొనొరాతా అతన్ని మెట్ల మీద నిలదీసింది. ముసలమ్మ ఇప్పటికీ మూడు మాటలే మాట్లాడుతోంది కదా పిన్నీ అన్నాడతను. ఆవిడ దానికి గట్టిగా జవాబు చెప్పబోయి, "నాకెందుకులే," అని మొదలుపెట్టి, పక్కనే ఉన్న కూతురి మొహం చూసి సగంలో ఆపేసింది. కాని ఆ సాయంత్రమే పత్రిక పట్టుకుని పై అంతస్తు దంపతుల దగ్గరికి వెళ్ళి, బలాల్లో ఉన్న మోకాళ్ళు ఎవరివో వివరంగా చెప్పి వచ్చింది.

యాద్వీగా ఆ పెట్టెని కత్తిరించి సంచీలో పెట్టుకుంది. కొట్లో, చర్చి మెట్ల మీద, పళ్ళ డాక్టరు దగ్గర, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తీసి చూపిస్తోంది. "తప్పయిందని అచ్చులో ఒప్పుకున్నాడండీ మావాడు. ఈ దేశంలో ఏ విమర్శకుడికుంది ఆ దమ్ము?" అంటోంది. ఒక్క తప్పుకి ఇంత పేరొస్తుందని ముందే తెలిసుంటే, జెమోవిత్ ఈపాటికి నాలుగైదు చేసి ఉండేవాడు.